కొసరు వేయని కొట్టు

చిన్న వ్యాపారాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన వాటిలో మూడు ఉత్తరాలు సొంతంగా కొట్టు నడుపుకుంటున్న వికలాంగుల ఇళ్ల నుంచి వచ్చాయి. నాకూ చిన్నప్పుడే పోలియోతో కుడికాలు పోయింది. విజయవాడ సత్యనారాయణపురంలో జాకెట్లు కుట్టే కొట్టు నడుపుతున్నాను కాబట్టి నన్నే అడుగుదామనుకున్నట్టున్నారు. మొదటి ఉత్తరంలో చిక్కులు ఎక్కువ, దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయికి 23 ఏళ్లు, ఆటిజం ఉంది. ఇంటి ముందు గదిలో కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం చేసి అమ్ముతున్నాం. వేయించడం, తూకం, ప్యాకింగ్ అన్నీ వాడే. పప్పు రంగు కాస్త తేడా వచ్చినా ఆ వాయి మొత్తం పక్కన పెట్టేస్తాడు. మనుషులతోనే కష్టం. పావుకిలో అంటే సరిగ్గా 250 గ్రాములు తూస్తాడు, చెంచాడు కొసరు వేయమంటే వేయడు. ఒకావిడ ‘పిల్లాడికి కాస్త బతకడం నేర్పమ్మా’ అనేసి వెళ్లింది. కొట్టు వాడి పేరు మీద పెడదామంటే మా ఆడపడుచు వాళ్లు ‘రేపేదైనా అయితే ఎలా, నీ పేరు మీదే ఉంచుకో’ అంటున్నారు. కరెంట్ ఖాతా తెరవడానికి వెళితే బ్యాంకులో గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. లోను కూడా తీసుకుందామా? అంతా టెన్షన్‌గా ఉంది మేడమ్.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ముందు కొసరు సంగతి తేల్చేద్దాం. మీ అబ్బాయికి కొసరు వేయడం నేర్పకండమ్మా. అడిగినప్పుడల్లా చెంచాడు ఎక్కువ వేయడమంటే అతనికి తూకం తప్పడమే. ఆ తూకం పట్టింపు, ఆ పప్పు రంగు పట్టింపు ఒకచోటి నుంచే వస్తున్నాయి. ఒకటి ఉంచి ఒకటి తీసేయలేరు.

మార్చాల్సింది అమ్మే పద్ధతి. విడిగా తూచి పొట్లం కట్టేచోటే కొసరు అడుగుతారు. సీలు వేసిన ప్యాకెట్టుకు ఎవరూ అడగరు. బిస్కెట్ ప్యాకెట్టు కొని ఇంకో బిస్కెట్ వేయమన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు. 100, 250, 500 గ్రాముల ప్యాకెట్లు ముందే కట్టి ఉంచండి. వాసన చూసి గానీ కొనని ఊరు మనది, అందుకని ఒక్కో పొడిదీ చిన్న సీసా బయట పెట్టండి. ప్యాకెట్టు మీద పొడి పేరు, బరువు, ఎమ్మార్పీ, తయారైన తేదీ, మీ చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి. ఇంట్లో చేసి అమ్మినా ఆ రిజిస్ట్రేషన్ తప్పదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర కూడా చూసుకోండి.

మిగతావి కూడా ఇలాగే, అతన్ని మార్చడం మానేసి కొట్టును మార్చండి. ఫోన్లో మాట్లాడటం ఇబ్బందైతే ఆర్డర్లు వాట్సాప్‌లో రాసి పంపమనండి. మిక్సీ మోత పడకపోతే చెవులకు మఫ్‌లు కొనండి, లేదా పొడి కొట్టే పని మీరు తీసుకుని వేయించడం అతనికి వదిలేయండి. ‘రేపు పొద్దున్నకల్లా ఐదు కిలోలు’ అనే పెళ్లివారికి రెండు రోజుల ముందు చెప్పాలని బోర్డు పెట్టండి. కొట్టు వేళలు కూడా ఆ బోర్డు మీదే రాయండి. వేళ దాటాక తలుపు కొట్టేవాళ్లు మీ చుట్టాలే అయినా సరే, తీయకండి. నా మిషను మోటారు పెడల్ ఎడమకాలి కింద ఉంటుంది. పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు మొదట్లో తికమకపడతారు, తర్వాత అలవాటు పడతారు. కొట్టు నాది, పెడల్ నా కాలికి అందేచోటే ఉంటుంది.

ఇక పేరు ఎవరి మీద ఉండాలన్నది. మీ ఆడపడుచుగారి భయం ఉత్తుత్తి భయమేం కాదు. కానీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షను చదివితే, ఆస్తి ఉంచుకోవడానికి, డబ్బు వ్యవహారాలు చూసుకోవడానికి, బ్యాంకు రుణం పొందడానికి వికలాంగులకు మిగతావాళ్లతో సమానంగా హక్కు ఉందని స్పష్టంగా ఉంటుంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం ఊసే లేదు. ఇప్పుడున్న 21 రకాల్లో ఆటిజం ఉంది. గార్డియన్ సర్టిఫికెట్ అనేది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ఇస్తుంది. అది అవసరమైన వాళ్లకు. ఆటిజం అని రాసి ఉన్న ప్రతివాళ్లూ తెచ్చుకోవాలని ఎక్కడా లేదు. ఖాతా అంటే ఏమిటో, సంతకం ఎందుకు పెడుతున్నాడో మీ అబ్బాయికి తెలుసా? తెలిస్తే, ఖాతా ఎందుకివ్వరో కాగితం మీద రాసివ్వమని బ్యాంకువాళ్లను మర్యాదగా అడగండి. చాలాసార్లు ఆ మాటతోనే పని జరుగుతుంది. జరగకపోతే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపండి. దానికి ఫీజు లేదు.

ఇన్ని రాశారు గానీ ధర ఎవరు పెడుతున్నారో రాయలేదు. కందిపప్పు రేటు పెరిగితే ప్యాకెట్టు మీద ఎంత పెంచాలో అతన్ని అడుగుతున్నారా? ఈ వారం ఏ పొడి చేయాలో ఎవరు చెబుతున్నారు? వచ్చిన డబ్బులో అతనికి ఇష్టమైనది అతను కొనుక్కుంటున్నాడా? ఇవి మీ చేతిలోనే ఉంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉన్నా అతను మీ కొట్లో మంచి పనివాడే, యజమాని కాడు. ముందు ఒక్క పొడి లెక్క పూర్తిగా అతనికి వదలండి, నల్లకారం అనుకోండి. మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, గ్యాసు, కవర్లు, ఏది ఎంతయిందో ఒక కాగితం మీద అతనే రాసి ధర అతనే కట్టాలి. అంత కచ్చితంగా తూచేవాడికి లెక్క నచ్చే అవకాశమే ఎక్కువ. నచ్చకపోతే అదీ తెలుస్తుంది, అప్పుడు ఆ భాగం మీరు చూసుకోవచ్చు.

లోను ఇప్పుడే వద్దు. ఉన్న మూకుడు, మిక్సీ సరిపోతున్నంత కాలం అప్పు దేనికి? పెద్ద గ్రైండరు, రోస్టరు పెట్టేంత గిరాకీ వస్తే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన) పథకం చూడండి. వికలాంగులు ప్రత్యేక వర్గం కిందికి వస్తారు, సొంత వాటా 5 శాతం పెడితే చాలు. పట్నంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ. అయితే అది కొత్తగా పెట్టే యూనిట్లకే, నడుస్తున్న వాటికి కాదు. పెద్దగా పెట్టే ఆలోచన మనసులో ఉంటే రిజిస్ట్రేషన్లన్నీ చేయించేయకముందే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి రండి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు లేకపోతే ముందు అది తీసుకోండి. చిన్న వ్యాపారాలకు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, వెయ్యి అడిగే నెట్ సెంటర్ దగ్గర ఆగకండి.

ప్రశ్న: నాకు పుట్టుకతో వినపడదు. గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ల రిపేరు చేస్తాను. రెండు సమస్యలు. డబ్బు పడిందని సౌండ్‌బాక్స్ చెబుతుంది, నాకు వినపడదు. కొందరు పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోతున్నారు. రెండోది, స్పీకర్ రిపేరు వస్తే పక్క కొట్టు అబ్బాయిని పిలిచి వినమనాల్సి వస్తోంది.
– విజయవాడ

జవాబు: తమ్ముడూ, స్క్రీన్‌షాట్ వైపు చూడనే చూడకు. నీ ఫోన్లో డబ్బు పడిన మెసేజ్ కనిపిస్తేనే సామాను చేతికివ్వు. చాలా ఫోన్లలో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో నోటిఫికేషన్ రాగానే ఫ్లాష్ వెలిగే ఏర్పాటు ఉంటుంది. అది ఆన్ చేసి ఫోన్ను బల్ల మీద బోర్లా పెట్టుకో. అంకెలు కనిపించే తెర ఉన్న సౌండ్‌బాక్సులు కూడా ఉన్నాయి, అదే అడిగి తీసుకో. చూపు లేనివాళ్లకు మాత్రం ఆ మాట్లాడే పెట్టె చాలా ఉపయోగం. మా వీధి చివర అగరబత్తులు అమ్మే ఆయన దాని మీదే నడుపుతాడు. నోటు ఇస్తే అంచు తడిమి చూస్తాడు, వంద మీద ఉబ్బెత్తు గీతలు నాలుగు, ఐదు వందల మీద ఐదు. నోటు ఎంతదో పైకి చెప్పే, రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన ‘మణి’ యాప్ కూడా ఆయన ఫోన్లో ఉంది.

స్పీకర్ సంగతికి వస్తే, ఒక పాత ఫోన్లో వాయిస్ రికార్డర్ తెరిచి రిపేరు చేసిన ఫోన్ పక్కన పెట్టు. పాట పెట్టగానే తెర మీద అలలు లేస్తాయి. బాగున్న ఫోన్‌కు ఎంత ఎత్తు లేస్తున్నాయో చూసి పెట్టుకుంటే తేడా కంటికే తెలుస్తుంది. గరగర మాత్రం అలల్లో సరిగ్గా పట్టుబడదు, ఆఖరున కస్టమరునే వినమను. ఇంకొకటి, డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పిన్, మైకు, స్పీకర్ బొమ్మలున్న కార్డులు అచ్చు వేయించు. వచ్చినవాళ్లే టిక్కు పెట్టి, ఒప్పుకున్న రేటు పక్కన సంతకం చేస్తారు. ‘నేనలా చెప్పలేదు’ అన్న గొడవ ఉండదు.

ప్రశ్న: అక్కా, నేను టైలరింగ్ చేస్తాను. చిన్నప్పటి నుంచీ అంకెలు తారుమారవుతాయి, డిస్లెక్సియా అన్నారు. 36 బదులు 63 రాస్తే దొరికిపోతుంది గానీ చేతి పొడవు 12కి 21 రాసుకుని ఒక పెళ్లి జాకెట్టు గుడ్డ పాడుచేశాను.
– తెనాలి రోడ్డు, గుంటూరు

జవాబు: అంకెలు రాయడం మానెయ్ చెల్లీ. ఆది జాకెట్టు లేకుండా పని ఒప్పుకోకు. ఒళ్లు కొలవాల్సి వస్తే టేపు బదులు కాగితపు పట్టీ తీసుకో. ఛాతీకి ఎక్కడ ఆగిందో అక్కడ గీత, చేతికి ఇంకో పట్టీ, మెడ లోతుకు ఇంకోటి. పట్టీలన్నీ పిన్నుతో గుడ్డకే గుచ్చి ఉంచు, గుడ్డ మీద వాటినే పరిచి మార్కు చెయ్. పాత కస్టమర్లవి కవర్లలో పెట్టుకుంటే మళ్లీ కొలిచే పని కూడా ఉండదు. ఆది జాకెట్టు మర్చిపోయి వచ్చినవాళ్లను మొహమాటపడకుండా ఇంటికి పంపు, తెచ్చుకుంటారు.