ట్యూబ్ టెస్టుకు వెళ్లే ముందు

అమ్మలూ,

డాక్టరమ్మ హెచ్‌ఎస్‌జీ రాసిందట కదా. అంటే గర్భసంచిలోకి డై (ఎక్స్‌రేలో కనిపించే మందు) పంపి, అండం వచ్చే ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే పరీక్ష. నొప్పి ఉండదని చెప్పను. ఎప్పుడు, ఎందుకు వస్తుందో తెలుసుకుని వెళ్లు.

ముందు, అబ్బాయి వీర్య పరీక్ష అయిందా? నొప్పి లేనిది, ఖర్చు తక్కువది. అది కాకుండా నిన్ను ఎక్స్‌రే బల్ల ఎక్కించడం నాకు నచ్చదు.

నెలసరి మొదలైన రోజే సెంటర్‌కు ఫోన్ చెయ్యి. ఆ రోజును ఒకటిగా లెక్కేసి, సుమారు 6 నుంచి 11వ రోజు లోపల, రక్తం పూర్తిగా ఆగాక చేస్తారు. ఆదివారమో పండగో అడ్డొస్తే ఇంకో నెల ఆగాల్సి రావచ్చు. పరీక్ష అయ్యేదాకా ఇద్దరూ కలవకూడదు. తెలియకుండా గర్భం నిలిచి ఉంటే చేయకూడని పరీక్ష ఇది.

ఎప్పుడైనా స్కానింగ్ డై పడక దద్దుర్లు వచ్చినా, థైరాయిడ్ ఉన్నా, పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్ గానీ టీబీ గానీ వచ్చి ఉన్నా ముందే చెప్పు. తెల్లబట్ట వాసనగా అవుతుంటే వాయిదా వేయించుకో. ఆ క్రిములను డై పైకి తోసేస్తుంది.

నొప్పి మాత్ర రాయించుకుని గంట ముందే వేసుకో. అక్కడికెళ్లాక మింగితే అది పని మొదలుపెట్టేలోపు అంతా అయిపోతుంది. మూత్రం పోసుకుని బల్ల ఎక్కు.

మోకాళ్లు మడిచి పడుకున్నాక స్పెక్యులమ్, అంటే యోనిని తెరిచి ఉంచే పరికరం, పెడతారు. గర్భసంచి ముఖద్వారం తుడిచి సన్నని గొట్టం దూరుస్తారు. కొన్నిచోట్ల దాని చివర చిన్న బుడగ ఉబ్బిస్తారు, మొదటి మెలి అప్పుడే వస్తుంది. తర్వాత అయోడిన్ డై, మామూలుగా 5 నుంచి 10 మిల్లీలీటర్లు. గర్భసంచి సాగి, నెలసరి నొప్పే బలంగా వచ్చినట్టుంటుంది. చాలామందికి కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. డై వేగంగా తోస్తే నొప్పీ ఎక్కువే, ట్యూబులు బిగుసుకుపోయే అవకాశమూ ఎక్కువే. 'మెల్లగా డాక్టర్' అని అడగడానికి మొహమాటపడకు. లేవగానే కళ్లు తిరగొచ్చు, కాసేపు కూర్చునే దిగు.

రిపోర్టులో 'రెండువైపులా స్పిల్' అని ఉంటే డై ట్యూబుల చివరిదాకా పోయి కడుపులోకి జారిందన్నమాట. దారి తెరిచే ఉంది. అయినా అవి సరిగ్గా పనిచేస్తున్నాయని గానీ, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) లేదని గానీ ఈ పరీక్ష చెప్పదు.

ట్యూబు మొదలయ్యే చోట, గర్భసంచి అంచులోనే డై ఆగిందని రాస్తే ఏడుస్తూ కూర్చోకు. కండరం బిగుసుకున్నా, జిగురు అడ్డుపడ్డా అలాగే కనిపిస్తుంది. ఆ ఒక్క కాగితం చూసి ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతికి) డబ్బు కట్టెయ్యొద్దు. మళ్లీ డై పంపి చూడొచ్చు, లేదా లాపరోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూసేటప్పుడు, నీలి డైతో తేల్చుకోవచ్చు. ట్యూబు చివర ఉబ్బి నీరు చేరిందంటే, అంటే హైడ్రోసాల్పింక్స్ ఉంటే, తేలిగ్గా తీసుకోకు. ఆ నీరు గర్భసంచిలోకి దిగి ఐవీఎఫ్ ఫలితాన్నీ దెబ్బతీస్తుంది, అందుకే ముందు ఆ ట్యూబును తీసేయడమో కట్టేయడమో చేస్తారు. మన దేశంలో ట్యూబులు పాడవడానికి టీబీ ఒక ముఖ్య కారణం, ఆ పరీక్ష సంగతీ అడుగు. ఫిల్ములు పారెయ్యకు, వేరే డాక్టరుకు చూపించాలంటే రిపోర్టు ఒక్కటే చాలదు.

ఇంటికొచ్చాక డై జిగటగా కారుతుంది, ఒకటి రెండు రోజులు రక్తపు చుక్కలూ కనిపిస్తాయి. ప్యాడ్ పెట్టుకో. జ్వరం 100.4 దాటినా, దుర్వాసన వచ్చినా, తగ్గాల్సిన నొప్పి పెరిగినా, గంటకో ప్యాడ్ తడిసినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

మీ పెద్దమ్మ