జర్మనీ బ్లూ కార్డుకి జీడితోట అమ్మాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా అబ్బాయి 2020లో జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీలో మెకానికల్ బీటెక్ పూర్తి చేశాడు. ఐదేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వయసు 27. అమెరికాకి ఇక దారి లేదంటున్నారు. విశాఖలో ఒక కన్సల్టెన్సీవాళ్లు జర్మనీలో హైలీ స్కిల్డ్ కోటాలో బ్లూ కార్డు గ్యారంటీగా ఇప్పిస్తామని ఆరున్నర లక్షలు అడిగారు. మెకానికల్ కాబట్టి సాఫ్ట్‌వేర్ అనుభవం ఇంకో మూడేళ్లు కలిపి చూపిస్తామన్నారు. యాభై వేలు అడ్వాన్సు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చాం. ఆఫర్ లెటర్ వచ్చింది, కాపీ పంపుతున్నాను. మిగతా డబ్బు కోసం రెండెకరాల జీడితోట బేరం పెట్టాను. వాడికి ఆ కార్డు వస్తుందా? సంబంధాలు కూడా చూస్తున్నాం. పెళ్లి చేసి పంపాలా, వెళ్లి కుదురుకున్నాక చేయాలా?

జవాబు: ముందు తోట బేరం ఆపండి. బయానా ఇంకా తీసుకోకపోతే మరీ మంచిది. తిత్లీ తుఫానుకి ఉద్దానంలో తోటలు ఎలా పడిపోయాయో నేను మీకు చెప్పక్కర్లేదు. 2018 తర్వాత మళ్లీ వేసిన చెట్లు ఇప్పుడిప్పుడే నిండుగా కాపుకొస్తున్నాయి. అలాంటి తోటని ఇంత గాలి కాగితం కోసం అమ్ముకోవద్దు.

గాలి కాగితం అని ఊరికే అనడం లేదు. మీరు పంపిన ఆఫర్ లెటర్లో నెలకు 3,200 యూరోలు, ఏడాదికి పన్నెండు జీతాలు అని ఉంది. మొత్తం 38,400. బ్లూ కార్డు అంటే పెద్ద చదువో అనుభవమో ఉన్న విదేశీయులు అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి. జర్మనీలో 2026లో అది రావాలంటే పన్నులు కోయకముందు ఏడాది జీతం కనీసం 50,700 యూరోలు ఉండాలి. ఐటీ, ఇంజనీరింగ్, వైద్యం లాంటి, మనుషులు దొరకని వృత్తులకు మాత్రం ఈ గీత కాస్త కిందకి ఉంటుంది, 45,934 యూరోల 20 సెంట్లు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటనివాళ్లకీ ఇదే గీత. మీవాడిది ఐటీ పని కాబట్టి తక్కువ గీతే చూద్దాం. దానికి కూడా మీ లెటర్లో జీతం ఏడు వేల అయిదు వందల యూరోలు తక్కువ. అంటే ఆ కంపెనీ నిజమైనదే అయినా, ఆ ఉద్యోగం నిజమైనదే అయినా, ఆ కాగితం మీద బ్లూ కార్డు రాదు. ఇంకో రకం వర్క్ వీసాకి పనికొస్తుందేమో గానీ కన్సల్టెన్సీవాళ్లు మీకు అమ్ముతున్నది అది కాదు కదా.

అదే లెటర్ కింది భాగంలో చిన్న అక్షరాల్లో బ్లూ కార్డ్ స్పాన్సర్‌షిప్ ఫీజు అభ్యర్థే కట్టాలని ఒక లైను ఉంది. అలాంటి ఫీజు జర్మనీ చట్టంలో లేదు. వీసా దరఖాస్తుకి 75 యూరోలు, అక్కడికి వెళ్లాక కార్డుకి వంద వరకు. మన డిగ్రీ జర్మన్ డిగ్రీకి సరితూగుతుందని చెప్పే పోలిక పత్రం కావాల్సివస్తే దానికి 208. పని త్వరగా అవ్వాలని కంపెనీయే అక్కడి విదేశీయుల ఆఫీసులో ఫాస్ట్ ట్రాక్ దరఖాస్తు పెడితే 411. అన్నీ కలిపినా, యూరో వంద రూపాయలు దాటి ఉన్న ఈ రోజుల్లో కూడా, లక్ష రూపాయల లోపే. మిగతా అయిదున్నర లక్షలు దేనికో వాళ్లనే అడగండి.

కోటా అన్నారు చూశారూ, అదీ లేదు. జర్మనీ బ్లూ కార్డుకి ఏడాదికి ఇన్నే అనే లెక్క లేదు, లాటరీ లేదు. అమెరికా హెచ్-1బి సంగతి మనవాళ్లకి బాగా తెలుసు. అక్కడ లాటరీ ఉంది, 2025 సెప్టెంబరు నుంచి కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము కూడా పెట్టారు. ఆ టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రుల దగ్గరకి కోటా, స్లాటు, సీటు అనే మాటలు పట్టుకుని వస్తే వెంటనే చెవికెక్కుతాయి. బ్లూ కార్డు పద్ధతి వేరు. సరైన జీతంతో, కనీసం ఆరు నెలల కాంట్రాక్టుతో ఒక జర్మన్ కంపెనీ ఉద్యోగం ఇవ్వాలి. ఆ ఉద్యోగానికి తగ్గ చదువో అనుభవమో ఉండాలి. ఈ రెండూ ఉంటే కార్డు వస్తుంది. ఏజెంటు మధ్యలో అమ్మడానికి ఏమీ మిగలదు.

మన జిల్లా నుంచి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. ఏజెంటుకి కడితేనే విదేశం అనే లెక్క మనకి అక్కడి నుంచి అలవాటైంది. నిజానికి ఆ దారిలో కూడా చట్టం ఇంత వదులుగా లేదు. విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరై ఉండాలి. ఆ పేర్లు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. అభ్యర్థి దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. మీ కన్సల్టెన్సీ పేరు అందులో ఉందో లేదో మీ అబ్బాయిని ఈ రాత్రే చూడమనండి. మన రాష్ట్ర ప్రభుత్వానికే ఓమ్‌క్యాప్ అనే సంస్థ కూడా ఉంది, విదేశీ ఉద్యోగాల సంగతి అక్కడా అడగొచ్చు.

ఇక మెకానికల్ విషయం. ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే మన దగ్గర సగం మంది చదివింది ఒకటి, చేస్తున్నది ఒకటి. బ్లూ కార్డుకి ఉద్యోగం చదువుకి తగ్గదై ఉండాలన్నది నిజమే. అయితే 2023 నవంబరు నుంచి ఐటీవాళ్లకి ఇంకో తలుపు తెరిచారు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయి ఐటీ పని చేసి ఉంటే చాలు, ఐటీ డిగ్రీ ఉందా లేదా అని చూడరు. అసలు డిగ్రీ లేకపోయినా ఫర్వాలేదు. జీతానికి మాత్రం ఆ 45,934 గీత దాటాల్సిందే. మీవాడికి ఐదేళ్లున్నాయి. ఇంకో మూడేళ్లు కలిపి చూపించడం దేనికి? ఉన్న నిజాన్ని కూడా పాడుచేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. వీసా ఆఫీసులో పట్టుబడితే దరఖాస్తు పోతుంది. అప్పుడు తప్పించుకున్నా, కార్డు చేతికొచ్చాక బయటపడితే కార్డే రద్దవుతుంది, అప్పటికి అక్కడ ఇల్లూ వాకిలీ పెట్టుకుని ఉంటాడు.

నిజమైన అనుభవాన్ని గట్టిగా చూపించడమే ఒక పని. మన కంపెనీలు ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు, ప్రవర్తన బాగుంది అని రెండు ముక్కలు ఉంటాయి. అది చాలదు. ఏ టెక్నాలజీ మీద ఏం పని చేశాడు, ఎవరికి రిపోర్ట్ చేశాడు, పూర్తికాలమా కాదా అన్నది హెచ్‌ఆర్ చేత రాయించుకోవాలి. దాని వెనక పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేస్తే వేలెత్తి చూపడానికి ఉండదు. పాత కంపెనీ మూతపడితే అక్కడి మేనేజర్ సంతకంతో ఉత్తరం, పీఎఫ్ రికార్డు పనికొస్తాయి.

డిగ్రీ అవసరం లేదన్నాను గానీ, ఉన్నదాన్ని వాడుకోవాలి. జర్మన్లకి అనాబిన్ అని ఒక డేటాబేస్ ఉంది. అందులో యూనివర్సిటీకి హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉంది అని ఉండి, డిగ్రీ కూడా సరితూగుతుందని ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకుంటే సరిపోతుంది. అక్కడ చూడాల్సింది కాలేజీ పేరుకన్నా ముందు పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరు. మీవాడిది జేఎన్‌టీయూ కాకినాడ పట్టా. ఇది చదువుతున్న విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకి ఇక్కడే ఒక మాట. 2022లో జేఎన్‌టీయూ గురజాడ విడిగా వచ్చాక మీలో చాలామంది పట్టా దాని పేరు మీద ఉంటుంది. కొత్త యూనివర్సిటీలకి అనాబిన్‌లో ఎంట్రీ ఉందో లేదో ఫైనలియర్‌లోనే చూసుకోండి. లేకపోతే ఆ 208 యూరోల పోలిక పత్రానికి దరఖాస్తు పెట్టాలి, దానికి సమయం పడుతుంది, ఆఫర్ వచ్చాక పరిగెత్తితే అందదు.

ఉద్యోగం ఎలా దొరుకుతుందన్నదే అన్నిటికన్నా బరువైన భాగం. ఇందులో నేను మీకు తియ్యని కబుర్లు చెప్పను. బ్లూ కార్డుకి జర్మన్ భాష రావాలని నిబంధన లేదు. కానీ ఇంగ్లిషుతో నడిచిపోయే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎక్కువగా బెర్లిన్, మ్యూనిక్ లాంటి చోట్ల ఉంటాయి, వాటికి ప్రపంచమంతా పోటీ. కార్ల కంపెనీలు ఉద్యోగాలు తగ్గిస్తున్నాయి. అయినా మీవాడి దగ్గర మిగతా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల దగ్గర లేనిదొకటి ఉంది. కన్సల్టెన్సీవాళ్లు లోపమన్నట్టు మాట్లాడిన మెకానికల్ డిగ్రీయే అది. యంత్రాలు తయారుచేసే మధ్యతరహా కంపెనీలు ఆ దేశమంతా చిన్న చిన్న ఊళ్లలో ఉన్నాయి. డ్రాయింగు చదవగలిగి, మెషిన్ ఎలా నడుస్తుందో తెలిసి, పైన కోడ్ రాయగలిగినవాడు వాళ్లకి కావాలి. ఆ ఊళ్లలో ఆఫీసు మాట జర్మన్‌లోనే ఉంటుంది. అందుకే ఆరున్నర లక్షల్లో పదో వంతు జర్మన్ క్లాసుకి పెట్టమంటాను. హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్ ఉంది, సాయంత్రం బ్యాచ్‌లో చేరితే ఉద్యోగం మానక్కర్లేదు. భాష తర్వాత కూడా అక్కరకొస్తుంది. బ్లూ కార్డు మీద 27 నెలలు పనిచేసి ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు జర్మన్ వస్తే శాశ్వత నివాసానికి అడగొచ్చు. దానికి రెండు మెట్లు పైనున్న బీ1 ఉంటే 21 నెలలకే అడగొచ్చు.

వెతకడానికి జర్మన్ ప్రభుత్వమే నడిపే మేక్ ఇట్ ఇన్ జర్మనీ వెబ్‌సైటు, లింక్‌డిన్, స్టెప్‌స్టోన్ చాలు. ఆఫర్ వస్తే ఆ కంపెనీ పేరు హాండెల్స్‌రెగిస్టర్ అనే వ్యాపార రిజిస్టర్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ లెటర్ మీదున్న కంపెనీని కూడా అక్కడ వెతకమనండి. ఉందని తేలితే ఆ కంపెనీ వెబ్‌సైట్లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగాలి, లెటర్లో ఉన్న నంబరుకి కాదు. టూరిస్టు వీసా మీద దించేసి అక్కడ మారుస్తామని ఎవరైనా చెబితే అస్సలు ఒప్పుకోవద్దు. మనవాళ్లు ఆ వీసా మీద వెళ్లి అక్కడే బ్లూ కార్డు తీసుకోవడం కుదరదు, తిరిగొచ్చి ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టాలి.

ఆపర్చునిటీ కార్డు, అంటే ఆఫర్ లేకుండా ఏడాది పాటు వెళ్లి వెతుక్కునే వీసా, 2024 జూన్ నుంచి ఉంది. దానికి నెలకు 1,091 యూరోల లెక్కన ఏడాది ఖర్చు ముందే చూపించాలి, పదమూడు లక్షలు దాటుతుంది. చేతిలో ఉద్యోగం ఉన్నవాడు దాన్ని వదిలేసి, ఇంటి ఆస్తి అమ్మి ఈ దారిలో వెళ్లడం నాకు నచ్చదు. నెదర్లాండ్స్ కూడా చూడొచ్చు. అక్కడ హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్‌కి కంపెనీయే దరఖాస్తు పెడుతుంది. ఏ కంపెనీలకి ఆ గుర్తింపు ఉందో వాళ్ల ఇమ్మిగ్రేషన్ శాఖ జాబితా బయటే పెట్టింది. ముప్పై ఏళ్ల లోపువాళ్లకి జీతం గీత తక్కువ. మీవాడికి ఇంకా మూడేళ్లు ఉంది.

డబ్బు సంగతి ఒకటి. ఆ తక్కువ గీత మీదే, అంటే నెలకు 3,828 యూరోల జీతం అనుకుంటే, ఒంటరివాడికి పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్ పోగా చేతికొచ్చేది సుమారు 2,500. మ్యూనిక్‌లో ఒక్క గది ఇంటికే వెయ్యి దాటుతుంది. మొదటి ఏడాది వాడు పంపే డబ్బు మీద ఇక్కడ ఏ చీటీ పాటా పాడకండి.

పెళ్లి విషయంలో బ్లూ కార్డు మిగతా వీసాలకన్నా మెరుగు. భార్యకి జర్మన్ పరీక్ష అడగరు, వెళ్లిన రోజు నుంచి ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. కాబట్టి ముందా తర్వాతా అన్నది వీసాని బట్టి కాకుండా మీ వీలుని బట్టి చూసుకోండి. అయితే మంచి సంబంధం కుదిరితే చేసేయండి గానీ, జర్మనీ అబ్బాయి అని చెప్పి చేయకండి. సరైన ఆఫర్ కూడా లేనివాడి గురించి అలా చెబితే రేపు ఆ అమ్మాయి దగ్గర మాట పడతారు. అరసవల్లిలో చేసినా, ఫంక్షన్ హాల్లో చేసినా రిజిస్ట్రారు ఆఫీసులో మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోవాలి, దేవస్థానం రసీదు చెల్లదు. ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా చూడండి. టెన్త్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్న కేసులు నా దగ్గరకి తరచూ వస్తాయి. అవి ముందే సరిచేసుకుంటే మంచిది.

సోమవారం మీ అబ్బాయి సెలవు పెట్టి మీతో విశాఖ రావాలి. ఒంటరిగా వెళ్లకండి. ముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోండి, డబ్బు మాట తర్వాత. వాటిని దగ్గర పెట్టుకునే హక్కు ఏ కన్సల్టెన్సీకీ లేదు. ఇవ్వకపోతే అక్కడే నిలబడి, ఇచ్చిన తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, అక్నాలెడ్జ్‌మెంటు అడగండి. అదీ ఇవ్వకపోతే అట్నుంచి అటే పోలీస్ స్టేషనుకి వెళ్లండి. అడ్వాన్సు కట్టిన రసీదు, వాట్సాప్‌లో మూడేళ్ల అనుభవం కలుపుతామన్న మెసేజీ, ఈ ఆఫర్ లెటర్ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఆ మెసేజీ ఎవరూ డిలీట్ చేయకుండా ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఉంచమనండి.