పిల్లల తరఫున వాదించాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది కడప. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) ఆర్ట్స్ చదువుతోంది. పిల్లల హక్కుల లాయరు అవుతానంటోంది. అలాంటి కోర్సు ఉందా? దాంతో బతుకుదెరువు గడుస్తుందా? – ఒక తండ్రి

జవాబు: పీయూసీ అవగానే చేరడానికి పిల్లల హక్కులకంటూ విడిగా డిగ్రీ వెతక్కండి. చేయాల్సింది మామూలు ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీయే. పిల్లల కేసులు ఎక్కువగా క్రిమినల్ కోర్టుకో ఫ్యామిలీ కోర్టుకో వస్తాయి. సాక్ష్య చట్టం, క్రిమినల్ ప్రొసీజర్ చేతిలో లేనివాళ్లు అక్కడ పిల్లలకు అక్కరకు రారు. డిప్లొమాలు తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఈ పని ఎలాంటిదో అమ్మాయికి తెలియాలి. ఇందులో రెండు సూత్రాలు ఎప్పుడూ పెనుగులాడుతుంటాయి. ఒకటి 'పేరెన్స్ పేట్రియే': దిక్కులేని బిడ్డకు రాజ్యమే తల్లీతండ్రీ అనే పాత సిద్ధాంతం. బిడ్డకు ఏది మేలో పెద్దలే తేలుస్తారన్న ధోరణి దానిది. రెండోది, తనకు సంబంధించిన నిర్ణయంలో బిడ్డ మాటా వినాలన్నది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఇదే. మన దేశం 1992లో అందులో చేరింది. రక్షణ కావాల్సిన పిల్లలకూ, నేరారోపణ ఉన్న పిల్లలకూ వర్తించే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్‌లో బిడ్డ మేలు, బిడ్డ భాగస్వామ్యం రెండూ పక్కపక్కనే ఉంటాయి. అంతకు చాలా ముందే, మైనర్లకు సంరక్షకులను నియమించే 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ కూడా, ఆలోచించి చెప్పగల వయసు బిడ్డకు ఉంటే ఆ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చంది. లెక్కలోకి తీసుకోవడం వేరు, అదే తీర్పు కావడం వేరు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తేల్చే కస్టడీ కేసుల్లో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఫీజు ఇచ్చేది తల్లో తండ్రో కాబట్టి వాళ్లు నేర్పిన మాటనే బిడ్డ మాటగా లాయరు కోర్టు ముందు పెడతాడు.

అమ్మాయిని ఒకటి అడిగి చూడండి. పదమూడేళ్ల పిల్ల హాస్టల్ వద్దు, ఇంటికే పోతానంటోంది. ఆ ఇంట్లో కొట్టే మనిషి ఉన్నాడు. రక్షణ కావాల్సిన పిల్లల సంగతి తేల్చే శిశు సంక్షేమ కమిటీ ముందు నువ్వేం చెబుతావు? 'పిల్ల అడిగింది ఇచ్చేయాలి' అన్నా, 'పెద్దలకే తెలుసు' అన్నా సగం జవాబే. ఎందుకు పోతానంటోందో, చెల్లెలి కోసమా, స్కూలు కోసమా అని అడగాలని తడితే ఈ దారి ఆమెకు నప్పుతుంది. (ఉత్తరం ఆమె కాకుండా మీరు రాయడం కూడా గమనించాను.)

ఇక భాష. పిల్లలపై లైంగిక నేరాలను విచారించే పోక్సో కోర్టులో లాయరు బిడ్డను నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్నలు జడ్జికి అందిస్తే జడ్జి అడుగుతారు. కాబట్టి ప్రశ్న పొట్టిగా, ఒక్క విషయం మీదే, బిడ్డ వాడే మాటల్లో ఉండాలి. ఇంగ్లిష్‌లో ఆలోచించి రాసిన ప్రశ్న అక్కడ చతికిలపడుతుంది. కింది కోర్టుల్లో రికార్డు చాలావరకు కన్నడలో నడుస్తుంది. బెంగళూరులో పెరిగిన మన పిల్లలు కన్నడ గలగలా మాట్లాడతారు గానీ, రెండో భాషగా హిందీయో సంస్కృతమో తీసుకుని రాయడం మరిచిపోతారు. ఎఫ్‌ఐఆర్ చదివి, ఒక పేజీ అర్జీ రాసే స్థాయి రావాలి. తెలుగూ వృథా కాదు: కట్టడాల పనికి రాయలసీమ, పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు గోడు చెప్పుకునేది తెలుగులోనే.

నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ డిసెంబరులో ఉంటుంది: 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. లీగల్ విభాగంలో సూత్రం ప్యాసేజీలోనే ఇస్తారు. సెక్షన్లు బట్టీపట్టి వెళ్లినవాళ్లు తమకు తెలిసిన చట్టంతో జవాబు రాసి మార్కులు పోగొట్టుకుంటారు. రోజూ పత్రికా వ్యాసాలు చదివి, రచయిత వాదన రెండు వాక్యాల్లో రాయించండి. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్లో పిల్లల చట్టాల మీద ప్రత్యేక కేంద్రమే ఉంది. సీటు రాకపోతే కర్ణాటక స్టేట్ లా యూనివర్సిటీ కింది కాలేజీలున్నాయి. ఈ రంగం కోసం ఏడాది డ్రాప్ తీసుకోవడం నాకు నచ్చదు. ఇక్కడ కాలేజీ పేరుకన్నా ట్రయల్ కోర్టు అనుభవమే ఎక్కువ తూగుతుంది.

చదువుతుండగానే బెంగళూరులోని న్యాయ దేగుల భవనంలో ఉన్న, ఉచిత న్యాయ సాయం అందించే లీగల్ సర్వీసెస్ అథారిటీలో పారాలీగల్ వాలంటీరు (న్యాయ సాయంలో చేయూతనిచ్చే వాలంటీరు) అవకాశాల గురించి అడగాలి. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో పిల్లల మానసిక ఆరోగ్యం, రక్షణ మీద నడిచే 'సంవాద్' శిక్షణలనూ కనిపెట్టుకుని ఉండాలి. ఒక హెచ్చరిక: ఇంటర్న్‌షిప్ గొప్పలు చెప్పుకోబోయి కేసులోని బిడ్డ పేరు, స్కూలు, ఊరు సోషల్ మీడియాలో పెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

సంపాదన మాటకొస్తే, మొదటి మూడేళ్లు సీనియరు ఇచ్చేది బస్సు, భోజనానికే సరిపోవచ్చు. ఇంటి సాయం ఉండాల్సిందే. జిల్లా బాలల రక్షణ యూనిట్లలో పిల్లల కేసుల్లో చట్టపరమైన పనులు చూసే లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసరు పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. పోక్సో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరు కావాలంటే ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది. ఈలోగా ఇల్లు గడిపేది విడాకులు, భరణం కేసులే. వాటిని చిన్నచూపు చూడొద్దని చెప్పండి, కస్టడీ తగాదాలు వచ్చేది వాటి వెంటే.

చివరగా, కర్ణాటకలో కనీసం పదేళ్లు చదివినవారికి నేషనల్ లా స్కూల్లో 25 శాతం కోటా ఉంది. మీ అమ్మాయికి పదేళ్లు నిండుతాయేమో తరగతులవారీగా లెక్కేసి, చదివిన ప్రతి స్కూలు నుంచీ స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.