నూటికి 96 తిరిగి వస్తే నష్టం ఎక్కడిది?

ప్రశ్న: రైస్ మిల్లులో గుమాస్తాను. గోవా వెళ్లివచ్చిన మా బావమరిది, స్లాట్ మిషన్లు (బొమ్మల చక్రాలు తిరిగే జూదపు యంత్రాలు) నూటికి 96 తిరిగి ఇస్తాయని, వెయ్యికి పోయేది 40 రూపాయలేనని వాదిస్తున్నాడు. చాలాసేపు ఏమీ ఇవ్వని మిషన్ దగ్గర కూర్చుంటే డబ్బు పడితీరుతుందట. ఇప్పుడు ఫోనులో ఆడదామంటున్నాడు. ఈ లెక్క నిజమేనా సార్?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ బావమరిది చెప్పిన శాతం నిజమే అనుకుందాం. అది దేని మీద శాతమో ఆయన చూసుకోలేదు. 96 అన్నది వేసే ప్రతి పందెం మీద లెక్క. పందెం 10 రూపాయలైతే వెయ్యికి 100 ఆటలు. నిమిషానికి పది చొప్పున ఆడితే పది నిమిషాల్లో ఒక చుట్టు పూర్తి. సగటున 960 మిగులుతాయి. అక్కడితో లేచి వస్తే నష్టం 40 రూపాయలే. ఎవరు లేస్తారండీ? ఆ 960 మళ్లీ పందెమై 921 అవుతాయి, తర్వాత 884. పదిహేడో చుట్టు ముగిసేసరికి 500. మూడు గంటలు నిండకముందే సగం సొమ్ము హరించుకుపోయింది. ఇదంతా లక్షల ఆటల మీద తేలే సగటు; ఒక్క సాయంత్రంలో కొందరికి అంతకంటే ముందే ఖాళీ, ఒకరిద్దరికి లాభం. ఊళ్లో కథలు చెప్పేది ఆ ఒకరిద్దరే.

నల్లగొండ కాలేజీలో పిల్లల చేత బోర్డు మీద కట్టించిన మిషన్ ఒకటి చెబుతాను. మూడు చక్రాలు, ఒక్కోదానికి పది బొమ్మలు: మొత్తం 1,000 కలయికలు. ప్రతి చక్రం మీద ఏడు అంకె ఒకటి, గంట బొమ్మలు రెండు, చెర్రీలు మూడు. మూడు ఏడులు వచ్చే విధం ఒక్కటే, బహుమతి 3,000. మూడు గంట బొమ్మలు 8 విధాలు, 400 చొప్పున. మూడు చెర్రీలు 27 విధాలు, 100 చొప్పున. మొత్తం చెల్లింపు 8,900, పది రూపాయల చొప్పున పందేలు 10,000. అంటే నూటికి 89. గెలుపు వెయ్యింట 36 సార్లే.

ఇక్కడ కనీసం బొమ్మలు లెక్కపెట్టుకోవచ్చు. 1984లో ఇంగె టెల్నేస్ అనే ఆవిష్కర్త తీసుకున్న పేటెంటుతో ఆ వీలూ పోయింది. చక్రం మీద కంటికి కనిపించే బొమ్మల సంఖ్య వేరు, లోపలి కంప్యూటర్ ఒక్కోదానికి ఇచ్చే అవకాశం వేరు.

ఇక డబ్బు పడితీరుతుందన్న మాట. ఆరు బోర్లు ఎండాక ఏడోది పడుతుందని దేవరకొండ వైపు రైతు అప్పు తెచ్చినట్లుంది. బోరుకైతే భూమి లోపలి సంగతి జియాలజిస్టు కొంత చెప్పగలడు. మిషన్‌కు గడిచిన ఆటతో సంబంధమే లేదు. నేను కట్టిన మిషన్‌లో వరుసగా 40 ఆటలు ఖాళీ పోవడం నూటికి దాదాపు 23 సార్లు జరిగేదే. నలభై ఒకటో ఆటకూ అవకాశం వెయ్యింట 36.

ఫోను సంగతంటారా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్ట సవరణతో నిషేధించింది. 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. బావమరిదికి ఈ పేజీ ఇచ్చి, ఆ పదిహేడు చుట్లూ చేత్తో వేయించండి.