గొంతుకి సూది వేయించుకునే ముందు

అమ్మడూ,

వచ్చే నెల గొంతుకి బొటాక్స్ సూది వేయించుకుంటున్నావని మీ నాన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. నేను పదేళ్లు దాచుకుని తిరిగిన ఈ గొంతు వణుకు జబ్బుని నువ్వు ఇంత చిన్న వయసులోనే డాక్టరు ముందు పెట్టావు. మురిసిపోయాను. ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర లేదనుకో.

సూదికి భయపడకు. గొంతుముడికి కాస్త కింద, బయట నుంచే గుచ్చుతారు. "ఈ..." అనమంటారు. సూది కండలోకి చేరగానే కండలోని కరెంటుని చప్పుడుగా వినిపించే ఈఎంజీ మిషను స్టేషన్ దొరకని రేడియోలా గరగరమంటుంది, దాన్ని బట్టే మందు వదులుతారు. నుదుటి ముడతలకి ఇరవై యూనిట్లు వేసే మందు, ఇక్కడ ఒక్కో పక్క ఒకటో రెండో. నరం కండకి పంపే కబురుని అది అడ్డుకుంటుంది, కండ నీరసించి వణుకు తగ్గుతుంది. తగ్గుతుందన్నాను, పోతుందనలేదు. వణికేది స్వరపేటిక ఒక్కటే కాదు కదా, చుట్టూ ఉన్న కండలూ వణకొచ్చు. మూడు నాలుగు నెలలకి మళ్లీ వెళ్లాలి. నాకు ఆయాసం ఉందని వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్రలు వద్దన్నారు, అందుకే సూదికొచ్చాను. నువ్వు ఆ మాత్రలు వాడి చూడొచ్చో లేదో అడుగు. కడుపుతో ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా డాక్టరుకి ముందే చెప్పు. సిగ్గుపడితే నేనే ఫోన్ చేసి చెప్తాను.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని విను. నా రిటైర్మెంట్ సభ ఏప్రిల్ 30న. ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పిన బడి, చివరి రోజైనా గొంతు వణక్కుండా నాలుగు మాటలు చెప్పాలని ఆశ. సరిగ్గా ఐదు రోజుల ముందు వేయించుకున్నాను. "మంచి గొంతు రావడానికి రెండు వారాలైనా పడుతుందండీ, ముందు గాలి గొంతు వస్తుంది" అని డాక్టరు చెప్తూనే ఉన్నాడు. వింటేగా! మూడో రోజుకి గొంతు మూగబోయింది. సభలో మైకు ముందు నిలబడితే ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలో పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. హెడ్మాస్టరు నేను దుఃఖంతో మాట్లాడలేకపోతున్నాననుకుని చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్లు ఇప్పటికీ మంటగానే ఉన్నాయి.

అక్కడితో అయిందా? ఎవరో మజ్జిగ గ్లాసు ఇచ్చారు, గటగటా తాగాను. పొలమారింది. మామూలుగా పొలమారడం కాదు, ఊపిరి అందలేదు. పక్కావిడ నెత్తిమీద తడుతూ "ఎవరో తలుచుకుంటున్నారు" అంటోంది, నాకు కళ్లముందు చీకట్లు. గొంతు సరిగ్గా మూసుకోక నీళ్లలాంటివి దారి తప్పుతాయట. అందుకే చెప్తున్నా, ఆ రెండు వారాలూ చారు, కాఫీ, నీళ్లు చిన్న గుటకలుగా, గడ్డం కిందికి వంచి తాగు. నవ్వుతూ తాగొద్దు. ఒంటరిగా తినొద్దు. నీకు చారు గిన్నెతో ఎత్తి తాగే అలవాటుంది, నాకు తెలుసు, ఆ పని చేశావో చూడు!

నువ్వూ పాఠాలు చెప్పేదానివే, పరీక్షలూ, పేరెంట్స్ మీటింగులూ లేని రోజులు చూసుకో. బడిలో ముందే చెప్పి ఉంచు, లేకపోతే కోపమొచ్చి మాట్లాడ్డం లేదనుకుంటారు. గుసగుసగా గొంతు నొక్కి మాట్లాడకు, పలక పట్టుకెళ్లు.

మీ నానమ్మకీ ఇదే వణుకు. "ఏడుపు గొంతు" అని ఊళ్లో వెక్కిరించేవాళ్లు, ఆవిడ పేరంటాలకి వెళ్లడమే మానేసింది. జబ్బని మాకెవరికీ తెలియలేదు. తెలిసినా అప్పట్లో ఈ మందు లేదు. నీ గొంతు అచ్చం ఆవిడదే.

ఆ వారం నేనొచ్చి ఉంటాను, టికెట్ తీయమని మీ నాన్నకి చెప్పాను. సూదికి ముందురోజు మాత్రం ఓసారి ఫోన్ చేసి, ఆ వణికే గొంతుతోనే కాసేపు మాట్లాడు.

మీ అత్త