ప్రశ్న – జవాబు: పరిశోధన చెప్పేది ఒకటి, ఓపీలో జరిగేది ఒకటి

ప్రశ్న: విశాఖలో పట్టణ ఆరోగ్య కేంద్రం మాది. విరేచనాలతో వచ్చే అయిదేళ్లలోపు పిల్లలకు ఓఆర్‌ఎస్, జింకు ఇవ్వాలని సిబ్బంది అందరికీ తెలుసు. రెండుసార్లు ట్రైనింగ్ కూడా ఇప్పించాం. అయినా జింకు పూర్తిగా వాడటం లేదు, యాంటీబయాటిక్ రాయడం తగ్గలేదు. మూడోసారి ట్రైనింగ్ పెట్టమంటారా?
– మెడికల్ ఆఫీసర్, విశాఖపట్నం

జవాబు: వద్దండి. తెలియక పని ఆగిపోతే ట్రైనింగ్ పనికొస్తుంది. మీ దగ్గర తెలిసే ఆగిపోతోంది. ఎక్కడ ఆగుతోందో ముందు పట్టుకోవాలి. పోయిన నెల ఓపీ రిజిస్టర్‌లోంచి విరేచనాల పిల్లల్ని వరసగా 30 మందిని తీసుకోండి. మధ్యలో ఎవరినీ వదలకండి, ఏరుకోకండి. ఒక్కొక్కరికీ ఓఆర్‌ఎస్ ఎన్ని ప్యాకెట్లు, జింకు ఎన్ని రోజులకు, యాంటీబయాటిక్ పడిందా, మలంలో రక్తం ఉన్నట్టు రాశారా అని ఒక కాగితం మీద గడులు గీసి నింపండి. రక్తం గానీ, కలరా అనుమానం గానీ, వేరే ఇన్‌ఫెక్షన్ గానీ లేకుండా యాంటీబయాటిక్ పడిన చీటీలు ఎన్నో లెక్కపెట్టండి. అదే మీ తొలి అంకె. పక్కనే స్టాక్ రిజిస్టర్ పెట్టుకుని, జింకు సున్నాకు వచ్చిన రోజులు ఎన్నో చూడండి. తర్వాత ఓ పదిమంది తల్లులకు పదో రోజున ఆశా చేత ఫోన్ చేయించండి. "మాత్రలు వేస్తున్నావా?" అని అడిగితే అందరూ "ఆ, వేస్తున్నానండి" అనే అంటారు. "ఇంకా ఎన్ని మిగిలాయమ్మా, లెక్కపెట్టి చెప్పు" అని అడగాలి.

కారణం చాలాసార్లు మనం అనుకున్న చోట ఉండదు. కర్ణాటక, బిహార్‌లలో 253 పట్టణాల్లో 2,000 మందికి పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరికి, రెండేళ్ల బిడ్డకు విరేచనాలని చెప్పి, తండ్రుల వేషంలో మనుషుల్ని పంపి చేసిన పరిశోధన 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఓఆర్‌ఎస్ రాయకపోవడానికి స్టాక్ లేకపోవడం, వేరే మందులు అమ్మితే వచ్చే లాభం అనేవి చాలా చిన్న కారణాలని తేలింది. పెద్ద కారణం, వచ్చినవాళ్లు ఓఆర్‌ఎస్ కోరుకోరని వైద్యులే అనుకోవడం. తండ్రి తనంతట తాను ఓఆర్‌ఎస్ ప్రస్తావన తెచ్చిన చోట, ఓఆర్‌ఎస్ రాసిన చీటీలు ప్రతి వందలో ఇంకో 27 పెరిగాయి. అంటే మీ కేంద్రంలో మార్పు డాక్టరు గదిలో కంటే గుమ్మం బయట మొదలుపెట్టడం మేలు. ఖాళీ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తల్లి చేతిలో పెట్టి, "లోపలికెళ్లి ఇదే కావాలని అడుగమ్మా" అని ఆశా చెబితే చాలు, పైసా ఖర్చు లేదు.

కలపడంలోనూ తప్పులు జరుగుతాయి. 20.5 గ్రాముల ప్యాకెట్‌లో గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఈ పాళ్లు సరిగ్గా ఒక లీటరు నీళ్లకు లెక్కవేసినవి. గ్లూకోజ్, సోడియం తగిన పాళ్లలో ఉంటేనే పేగు గోడ వాటితో పాటు నీటిని లోపలికి లాగుతుంది. గ్లాసుడు నీళ్లలో ప్యాకెట్ అంతా వేసేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ఫార్మసీ బల్ల మీద లీటరు సీసా ఉంచి, తల్లి చేతనే కలిపించి చూడండి. రెండేళ్లలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50–100 మి.లీ., ఆపై వయసుకు 100–200 మి.లీ. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పేరులో పెట్టుకుని అమ్మిన తీపి పానీయాల్లో చక్కెర కొన్ని రెట్లు ఎక్కువ. అది నీటిని పేగులోకే లాగి విరేచనాలు పెంచగలదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. సాక్ష్యం ముందునుంచీ ఉన్నదే. దాన్ని వదలకుండా పట్టుకున్న మనిషి ఉండబట్టే అది ఆదేశమైంది.

ఇక జింకు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు అందులో సగం, 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకు కట్టాక తల్లి మానేస్తుంది. ఆమె దృష్టిలో అది మోషన్లు ఆపే మందు, ఆగాక ఎందుకు? కాబట్టి "మోషన్లు తగ్గాక కూడా వెయ్యాలి, మళ్లీ రాకుండా ఇది కాపు కాస్తుంది" అన్న మాట మొదటి రోజే చెప్పి, 14 మాత్రలూ ఒకేసారి చేతికివ్వండి. అయిదు మాత్రలిచ్చి "మళ్లీ రా" అంటే ఆమె రాదు.

వారానికి 20 చీటీలు చూసి, అవసరం లేకుండా యాంటీబయాటిక్ పడినవెన్నో ఆ అంకెను గోడ మీద గీతగా గీయండి. రెండు వారాలకు ఒక్క మార్పే చేయండి, నాలుగు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇలా లెక్క చూపించి చెప్పే పద్ధతి మీద 140 పరిశోధనలను కలిపి చూసిన 2012 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో మధ్యస్థ మెరుగుదల వందకు 4.3 మాత్రమే, నాలుగో వంతు చోట్ల 16కి పైనే. మొదట బాగా వెనకబడి ఉన్నచోట, పైఅధికారి గానీ తోటివారు గానీ నోటితోనూ కాగితం మీదా ఒకటికి రెండుసార్లు చెప్పినచోట, లక్ష్యం పెట్టినచోట ఫలితం ఎక్కువ. తొలి నెలలో గీత కదల్లేదని వదిలేయకండి.

ప్రశ్న: నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి డెక్సామెథసోన్ (కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు ఎదిగేలా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్) ఇస్తే బిడ్డ బతుకుతుందని చదివాం. అది ప్రమాదం కావచ్చని ఇంకోచోట చదివాం. ఏజెన్సీలో ఏది పాటించాలి?
– స్టాఫ్ నర్సు, పాడేరు వైపు

జవాబు: రెండూ నిజమే, చోటు వేరు. భారత్‌తో సహా ఆరు దేశాల్లో ఊళ్ల స్థాయిలో చేసిన యాక్ట్ పరిశోధన 2014లో వెలువడింది. నెలలు తక్కువని అనుమానం వచ్చిన తల్లులకు విస్తృతంగా ఇచ్చారు. చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు, మొత్తం మీద వెయ్యి మందికి మూడు నాలుగు మరణాలు పెరిగాయి. 2020లో వచ్చిన యాక్షన్ పరిశోధన అయిదు దేశాల్లోని 29 ఆసుపత్రుల్లో, స్కాన్‌తో నెలలు తేల్చుకుని 2,852 మంది తల్లులతో చేసింది. ఇంజెక్షన్ ఇచ్చిన వైపు బిడ్డల మరణాలు వందకు 19.6, ఇవ్వని వైపు 23.5. సుమారు 25 మంది తల్లులకు ఇస్తే ఒక బిడ్డ ప్రాణం నిలిచినట్టు.

మందు అదే. మొదటిచోట నెలల లెక్క గట్టిగా లేదు, పుట్టాక నెలలు నిండని బిడ్డను చూసుకునే ఏర్పాటు అన్నిచోట్లా లేదు. అందుకే డబ్ల్యూహెచ్‌ఓ ఇవన్నీ ఉంటేనే ఇవ్వమంటుంది: నెలలు ఖచ్చితంగా తెలియాలి, కాన్పు దగ్గర పడాలి, తల్లికి ఇన్‌ఫెక్షన్ ఉండకూడదు, బిడ్డకు ఊపిరి, వెచ్చదనం, పాలు అందించే చోటు ఉండాలి. మీ దగ్గర పని ఇంజెక్షన్‌తో కాక, మొదటి మూడు నెలల్లో స్కాన్‌తో మొదలవుతుంది. ఆ తేదీ కార్డు మీద లేకపోతే నిర్ణయానికి ఆధారమే ఉండదు. నొప్పులు మొదలవగానే మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి, ఘాట్ రోడ్డు ప్రయాణ సమయం లెక్కవేసి బండి పిలవండి. డోసు ఇస్తే టైము, మోతాదు రిఫరల్ చీటీలో రాయండి. రాయకపోతే విశాఖ కేజీహెచ్‌లో మళ్లీ మొదటినుంచి ఇచ్చే అవకాశం ఉంది.

ప్రశ్న: కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. నా థీసిస్‌లో తేలిన విషయం జిల్లా అధికారులకు చేరాలంటే ఎలా?
– పీజీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: థీసిస్ రాశాక కాదమ్మా, మొదలుపెట్టే ముందే వెళ్లి ఆ అధికారికి ఏ నిర్ణయం తీసుకోవడం కష్టమవుతోందో అడగాల్సింది. ఇప్పుడు చేయగలిగింది, ఒక పేజీలో ముఖ్యాంశాలు, మూడు పేజీల సారాంశం, అవసరమైతే 25 పేజీల వివరం. ఆ ఒక్క పేజీలో విశాఖ అంకె ఒకటి, రెండు మూడు దారులు, ఒక్కో దారికి అయ్యే ఖర్చు, ఎవరు చేయాలి అన్నవి ఉండాలి. "అవగాహన పెంచాలి" అని ముగించకండి, అది ఎవరి పనీ కాకుండా పోతుంది. మీ ఒక్క పరిశోధన ఆధారంగా విధానం మార్చమని అడగకుండా, అన్ని పరిశోధనలనూ ఒక పద్ధతిలో కలిపి చూసిన సమీక్ష (సిస్టమాటిక్ రివ్యూ) పక్కన మీ అంకె పెట్టి చూపించండి. జాతీయ ఆరోగ్య మిషన్ వార్షిక ప్రణాళికలు తయారయ్యే రోజుల్లో అందితే నిధుల వరసలో చేరుతుంది. అది దాటితే మళ్లీ ఏడాదే.

జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ పరిశోధన మంచి నమూనా. టీబీ రోగి ఇంట్లోవాళ్లకు పెద్దవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే కొత్త టీబీ కేసులు 39 శాతం తగ్గాయని 2023లో లాన్సెట్‌లో వచ్చింది. ఎవరికి, ఎన్ని కిలోలు అన్నది స్పష్టంగా ఉండటంతో బడ్జెట్ వేసుకోవడానికి వీలైంది. 2024 నవంబరు 1 నుంచి టీబీ రోగుల పోషణకు కేంద్రం నగదు ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద రోగికి నెలకు 500 బదులు 1,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంట్లోవాళ్లకూ ఆహారబుట్ట ఇచ్చేలా దాతలు టీబీ రోగులకు ఆహారం అందించే నిక్షయ్ మిత్రను విస్తరించారు.

ప్రశ్న: "ఈ మందుతో గుండెపోటు 50 శాతం తగ్గుతుందని పరిశోధన" అని వాట్సాప్‌లో వచ్చింది. నమ్మవచ్చా?
– పాఠకుడు, గాజువాక

జవాబు: దేంట్లో 50 శాతమో అడగండి. వందమందిలో ఇద్దరికి రావలసింది ఒక్కరికి వచ్చినా సగం తగ్గినట్టే, కానీ మిగతా 99 మందికి తేడా ఉండదు. ఎన్నేళ్లు చూశారు, ఎవరితో పోల్చారు, మనుషుల మీదేనా అన్నవి తెలియాలి. మన దేశంలో మందుల పరీక్షలు ముందుగా ప్రభుత్వ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు కావాలన్నది 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. ఆ వెబ్‌సైట్‌లో మందు పేరు కొడితే ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఈలోగా మీ బీపీ, షుగర్ మాత్రలు మాత్రం ఆపకండి.