పెళ్లిచూపుల బొమ్మలో పిల్లి ఎందుకు?

ప్రశ్న: మా మారతహళ్లి ఫ్లాట్ హాల్లో రష్యన్ చిత్రకారుడు ఫెదోతోవ్ వేసిన 'మేజర్ పెళ్లి సంబంధం' ప్రింట్ పెట్టాం, చూసినవాళ్లంతా ముందున్న పిల్లి ఏంటని అడుగుతున్నారు, ఏం చెప్పాలండీ?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: భలే బొమ్మ పెట్టారండీ! 1848లో వేశాడు, అసలుది మాస్కో ట్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. మనకి కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం కదా, రష్యావాళ్లకి పిల్లి మొహం కడుక్కుంటే చుట్టాలొస్తారని నమ్మకం, అందుకే అది అక్కడ కూర్చుని కడుక్కుంటోంది. ఇక గుమ్మం వైపు చూడండి, మేజర్ మీసం మెలేస్తున్నాడు, లోపల పెళ్లికూతురి తండ్రి, షావుకారు, గబగబా కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు, పెళ్లికూతురేమో సిగ్గుతో పారిపోతుంటే తల్లి గౌను పట్టుకుని లాగుతోంది, ఆ కంగారులో పిల్ల చేతిరుమాలు కూడా కిందపడిపోయింది. మేజర్‌కి డబ్బు కావాలి, షావుకారుకి హోదా కావాలి, సంబంధం అంతే. ఫెదోతోవ్ స్వయంగా ఆర్మీ ఆఫీసరుగా చేసి మానేసినవాడు, అందుకే ఆ యూనిఫాం మనిషిని అంత బాగా పట్టుకున్నాడని నాకనిపిస్తుంది. ఇది నచ్చితే మరో రష్యన్ చిత్రకారుడు రేపిన్ 1880లలో వేసిన 'ఎదురుచూడని రాక' కూడా చూడండి, ప్రవాస శిక్ష నుంచి ఇంటికొచ్చిన మనిషిని చూసి కుర్చీలోంచి లేస్తున్న ఆ తల్లి వీపు చూస్తే చాలు, నాకైతే గొంతు పట్టేస్తుంది.